హ్యాండ్‌బ్రేక్ సమీక్ష: ఏ ఫార్మాటునైనా తెరుస్తుంది, కొన్నింటిలోనే రాస్తుంది

ఒక తెలుగు కుటుంబం దాచుకున్న వీడియోలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, గత ముప్పై ఏళ్ళలో వచ్చిపోయిన ఫార్మాట్లన్నీ అందులోనే కనిపిస్తాయి. పెళ్ళినాటి వీసీడీలో ఎంపెగ్-1 ఉంటుంది, ఆ తర్వాతి డీవీడీలో ఎంపెగ్-2 ఉంటుంది, గృహప్రవేశానికి హ్యాండీక్యామ్‌తో తీసిన ఎంటీఎస్ ఫైళ్ళలో హెచ్.264 ఉంటుంది. వీటికి కీప్యాడ్ ఫోన్ల కాలం నాటి 3జీపీ ముక్కలు, విదేశాల్లో ఉన్న పిల్లలు ఐఫోన్‌తో తీసి పంపిన హెచ్.265 ఫైళ్ళు తోడవుతాయి. వీటన్నిటినీ నేటి టీవీలోనూ ఫోన్‌లోనూ ఇబ్బంది లేకుండా నడిచే రూపంలోకి మార్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పే పేరు హ్యాండ్‌బ్రేక్. అయితే అది ఏ ఫార్మాట్లను చదవగలదు, ఏ ఫార్మాట్లలో రాయగలదు అన్న తేడా తెలియకుండా వాడితే మంచి వీడియో పాడయ్యే అవకాశం ఉంది కాబట్టి, ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

హ్యాండ్‌బ్రేక్‌ను 2003లో ఎరిక్ పెటిట్ అనే ప్రోగ్రామర్ బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మొదలుపెట్టాడు. తర్వాత అది స్వచ్ఛంద డెవలపర్ల చేతుల్లో పెరిగి, పదమూడేళ్ళ తర్వాత, 2016 డిసెంబరు 24న 1.0 వెర్షన్‌గా విడుదలైంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. జీపీఎల్ లైసెన్సు కింద పూర్తిగా ఉచితం. ప్రకటనలు ఉండవు, వీడియో మీద వాటర్‌మార్క్ వేయదు, అయిదు నిమిషాల తర్వాత డబ్బు అడగదు. ఉచితమని చెప్పుకుంటూ ఈ మూడింటిలో ఏదో ఒకటి చేసే కన్వర్టర్లు ఇంటర్నెట్ నిండా ఉన్నందున ఈ మాట స్పష్టంగా చెప్పవలసి వస్తోంది.

ఫార్మాట్ల సంగతికి వెళ్ళే ముందు ఒక తేడాను గమనించాలి. ఫైలు పేరు చివర కనిపించే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి కంటెయినర్లు. బొమ్మ, శబ్దం, సబ్‌టైటిళ్ళు, చాప్టర్ల గుర్తులు మొదలైన వాటిని ఒకే ఫైలులో కలిపి ఉంచే అమరికలే ఇవి. లోపల ఉన్న బొమ్మనూ శబ్దాన్నీ ఏ పద్ధతిలో కుదించారో చెప్పేది కోడెక్. పెన్‌డ్రైవ్‌లోని రెండు ఎంకేవీ ఫైళ్ళలో ఒకటి టీవీలో చక్కగా నడిచి, రెండోది బొమ్మ మాత్రమే చూపించి శబ్దం వినిపించకపోతే, అది కంటెయినర్ తప్పు కాదు. రెండో ఫైలులో ఉన్న డీటీఎస్ వంటి ఆడియో కోడెక్‌ను ఆ టీవీ చదవలేకపోవడమే కారణం. ఫైలు పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని రాసినంత మాత్రాన ఏమీ మారదని కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది.

చదివే విషయంలో హ్యాండ్‌బ్రేక్‌కు లోటు దాదాపుగా లేదు. వీడియో, ఆడియో ఫైళ్ళను చదివి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రాజెక్టుకు చెందిన లైబ్రరీలను లోపల వాడుకుంటుంది కాబట్టి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ చదవగలిగినవన్నీ దాదాపుగా ఇదీ చదవగలదు. ఏవీఐ, ఎంఓవీ, డబ్ల్యూఎంవీ, ఎఫ్ఎల్‌వీ, 3జీపీ, ఎంటీఎస్, వీఓబీ, టీఎస్ వంటి పేర్లున్న ఫైళ్ళను విండోలోకి లాగి వదిలితే చాలు, లోపల ఏముందో తానే పరిశీలించి చూపిస్తుంది. మినీ డీవీ క్యాసెట్ల నుంచి ఫైర్‌వైర్ ద్వారా కంప్యూటర్‌లోకి దించుకున్న, గంటకు సుమారు 13 జీబీ తూగే డీవీ ఫైళ్ళను కూడా తెరుస్తుంది. విడిగా కోడెక్ ప్యాకులు వేసుకోవలసిన అవసరం లేదు.

డీవీడీల దగ్గర మాత్రం చాలామంది తడబడతారు. పెళ్ళి డీవీడీని తెరిస్తే వీడియో_టీఎస్ అనే ఫోల్డరులో, ఒక్కొక్కటి 1 జీబీకి మించకుండా, వరసగా నాలుగైదు వీఓబీ ఫైళ్ళు కనిపిస్తాయి. ఇవి విడివిడి వీడియోలు కావు, ఒకే వీడియోకు చెందిన ముక్కలు. వాటిలో ఒకదాన్ని తెరిచి మారిస్తే పెళ్ళిలో ఆ ముక్క మాత్రమే వస్తుంది, తలంబ్రాల మధ్యలో వీడియో ఆగిపోతుంది. ఫైలును కాకుండా మొత్తం ఫోల్డరును లేదా డిస్కునే సోర్స్‌గా ఎంచుకుంటే, హ్యాండ్‌బ్రేక్ అన్ని ముక్కలనూ కలిపి ఒకే టైటిల్‌గా చూపిస్తుంది, చాప్టర్ల గుర్తులను కూడా నిలుపుతుంది. సినిమా కంపెనీలు కాపీ రక్షణ పెట్టి అమ్మిన డిస్కులను మాత్రం ఇది ఉన్నపళంగా చదవదు. ఆ రక్షణను ఛేదించే సదుపాయం ఇందులో లేదు, అది సబబే.

ఇక రాసే విషయానికి వస్తే జాబితా చాలా చిన్నది. చాలాకాలంగా హ్యాండ్‌బ్రేక్ రాసే ప్రధాన కంటెయినర్లు మూడే: ఎంపీ4, ఎంకేవీ, వెబ్ఎం. ఒకప్పుడు ఏవీఐ కూడా ఉండేది. 2009లో వచ్చిన 0.9.4 వెర్షన్‌లో ఏవీఐనీ, ఓజీఎం అనే మరో కంటెయినర్‌నీ, ఎక్స్‌విడ్ అనే ఎన్‌కోడర్‌నీ (వీడియోను ఒక కోడెక్‌లోకి కుదించే భాగం) డెవలపర్లు తొలగించారు. పదుల కొద్దీ ఫార్మాట్ల పేర్లు ప్రకటించుకునే సాఫ్ట్‌వేర్ల పక్కన ఇది లోపంలా కనిపించవచ్చు గానీ, నా ఉద్దేశంలో హ్యాండ్‌బ్రేక్ తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఇది ఒకటి. ఆధునిక హెచ్.264లోని బీ-ఫ్రేముల (ముందూ వెనుకా ఉన్న ఫ్రేములను బట్టి కుదించే ఫ్రేములు) వంటి సదుపాయాలకూ, మారుతూ ఉండే ఫ్రేమ్‌రేటుకూ, సబ్‌టైటిళ్ళకూ ఏవీఐలో సరైన చోటు లేదు. అందులో బలవంతంగా ఇరికించిన ఫైళ్ళలో శబ్దం, బొమ్మ కాసేపటికి వేరైపోతాయి. డివ్ఎక్స్ గుర్తున్న పాత డీవీడీ ప్లేయర్‌లోనే చూడాలనుకునేవారికి మాత్రం ఈ సాఫ్ట్‌వేర్ పనికిరాదు. వారు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ను నేరుగా వాడుకోవాలి.

మూడింటిలో ఇంట్లో అందరికీ పంచుకోవలసిన వీడియోకు ఎంపీ4 తగినది. ఫోన్లు, టీవీలు, బ్రౌజర్లు అన్నీ దాన్ని గుర్తిస్తాయి. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టదలచుకుంటే వెబ్ ఆప్టిమైజ్డ్ అనే గడిలో టిక్ పెట్టాలి. అప్పుడు ఫైలు విషయసూచిక చివర కాకుండా మొదట్లోకి వస్తుంది కాబట్టి పూర్తిగా దిగకముందే వీడియో ఆడటం మొదలవుతుంది. రెండు మూడు భాషల శబ్దం, పలు సబ్‌టైటిళ్ళు, ఫ్లాక్ వంటి నష్టం లేని ఆడియో దాచుకోవాలనుకుంటే ఎంకేవీ మేలు. దాని నిర్మాణం 2024లో ఆర్ఎఫ్‌సీ 9559 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా అధికారిక ప్రమాణమైంది కూడా. వెబ్ఎం వెబ్‌సైట్ల కోసం పుట్టినది. అందులో వీపీ8, వీపీ9, ఏవీ1 వీడియోలకూ, వోర్బిస్, ఓపస్ ఆడియోలకూ మాత్రమే చోటుంది. ఇంటి అవసరాలకు దాని జోలికి వెళ్ళనక్కరలేదు.

వీడియో కోడెక్ ఎంపికే అసలు ఆలోచించవలసిన చోటు. 2003లో వెలువడిన హెచ్.264 ఈనాటికీ అన్నిచోట్లా నడిచే కోడెక్. దాని కోసం హ్యాండ్‌బ్రేక్ వాడే ఎక్స్264 ఎన్‌కోడర్ ఏళ్ళ తరబడి మెరుగులు దిద్దుకున్నది. ఫైలు ఎవరి చేతికి వెళుతుందో, ఏ పరికరంలో చూస్తారో తెలియనప్పుడు మరో ఆలోచన లేకుండా దీన్నే ఎంచుకోవాలి. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్ఈవీసీ, అదే నాణ్యతను తక్కువ పరిమాణంలో ఇస్తుంది, ముఖ్యంగా 4కే వీడియోల్లో ఆ ఆదా బాగా కనిపిస్తుంది. మల్టీకోర్‌వేర్ సంస్థ రూపొందించిన ఎక్స్265 ఇందులో ఆ పని చేస్తుంది. కానీ హెచ్ఈవీసీ పేటెంట్లు వేర్వేరు లైసెన్సు బృందాల మధ్య చీలిపోవడం వల్ల కొన్ని బ్రౌజర్లూ పాత టీవీలూ దాన్ని ఆదరించలేదు. కొన్ని విండోస్ కంప్యూటర్లలో దాన్ని చూడటానికి విడిగా ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకోవలసి వస్తుంది.

ఆ లైసెన్సుల చిక్కు నుంచి బయటపడటానికే 2015లో కొన్ని పెద్ద సంస్థలు కలిసి అలయన్స్ ఫర్ ఓపెన్ మీడియాను ఏర్పాటు చేసి, 2018లో రాయల్టీ లేని ఏవీ1ను విడుదల చేశాయి. 2022 చివర్లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి హ్యాండ్‌బ్రేక్‌లో ఏవీ1 ఎన్‌కోడింగ్ ఉంది. దానికి వాడే ఎస్‌వీటీ-ఏవీ1 అనే ఎన్‌కోడర్‌ను ఇంటెల్, నెట్‌ఫ్లిక్స్ కలిసి అభివృద్ధి చేశాయి. తక్కువ బిట్‌రేటులో (సెకనుకు వాడే డేటా) అది చూపించే శుభ్రత నిజంగా మెచ్చుకోదగినది. అయితే ఏవీ1ను హార్డ్‌వేర్‌లోనే చదవగల పరికరాలు కొత్తవాటిలోనే ఉన్నాయి. ఏవీ1 తెలియని పాత టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి చూసే అమ్మమ్మకు ఏవీ1 ఫైలు పంపితే తెర నల్లగానే ఉంటుంది. అందుచేత సొంత నిల్వకు ఏవీ1, పంచుకోవడానికి హెచ్.264 అనే పద్ధతిని నేను పాటిస్తున్నాను. ఇవి కాక ఎంపెగ్-2, ఎంపెగ్-4, వీపీ9 వంటివి కూడా జాబితాలో ఉన్నాయి గానీ, ప్రత్యేకమైన అవసరం ఉన్నవారికే వాటి ఉపయోగం. ఇటీవలి వెర్షన్లలో చేరిన, ఏమాత్రం నష్టం లేకుండా కుదించే ఎఫ్ఎఫ్‌వీ1ను మాత్రం క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చి భద్రపరిచేవారు గమనించాలి. పాత దృశ్యాలను కాపాడే ఆర్కైవుల్లో ఎంకేవీతో కలిపి వాడుతున్నది దీన్నే.

నాణ్యతను నిర్ణయించే తీరు కూడా ఇతర కన్వర్టర్ల కంటే మేలైనది. ఫైలు ఇన్ని ఎంబీలు ఉండాలని ముందే కట్టడి చేయకుండా, ఆర్ఎఫ్ అనే అంకెతో నాణ్యతను స్థిరంగా ఉంచి, పరిమాణాన్ని దృశ్యం అవసరానికి వదిలేస్తుంది. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. ఎక్స్264, ఎక్స్265లకు డీవీడీ స్థాయి వీడియోలో 18 నుంచి 22, 1080పీలో 20 నుంచి 24, 4కేలో 22 నుంచి 28 మధ్య ఉంచమని హ్యాండ్‌బ్రేక్ వారే సూచిస్తారు. ఏవీ1లో కొలమానం 63 దాకా వెళుతుంది కాబట్టి ఈ అంకెలను అక్కడ వాడకూడదు. ఇంటెల్ క్విక్ సింక్, ఎన్‌విడియా ఎన్‌వెంక్, ఏఎండీ వీసీఎన్, ఆపిల్ వీడియోటూల్‌బాక్స్ వంటి హార్డ్‌వేర్ ఎన్‌కోడర్లను ఎంచుకుంటే పని ఎంతో వేగంగా పూర్తవుతుంది, కానీ అదే నాణ్యతకు ఫైలు పెద్దదవుతుంది. ఒకసారి మార్చి కలకాలం దాచుకోవలసిన పెళ్ళి వీడియోకు రాత్రంతా కంప్యూటర్‌ను వదిలేసి ఎక్స్264, ఎక్స్265, ఎస్‌వీటీ-ఏవీ1 వంటి సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్‌తో చేయించడమే సరైనది. క్యూలో అన్ని డిస్కుల ఫోల్డర్లనూ చేర్చి వదిలే సదుపాయం అందుకే ఉంది.

హ్యాండ్‌బ్రేక్ మీద నాకున్న గట్టి అభ్యంతరం దాని మొదటి ప్రీసెట్‌తోనే, అంటే ముందే కూర్చి ఉంచిన అమరికల కట్టతోనే. ఫాస్ట్ 1080పీ30 అనే ఆ ప్రీసెట్‌ను ఏమీ మార్చకుండా స్టార్ట్ నొక్కితే మూడు నష్టాలు జరగవచ్చు. సెకనుకు 60 ఫ్రేములతో తీసిన పిల్లల ఆటల వీడియో 30కి పడిపోయి ఆ సాఫీదనం కోల్పోతుంది. 4కే వీడియో 1080పీకి కుదించుకుపోతుంది. 5.1 చానెళ్ళ శబ్దం రెండు చానెళ్ళ ఏఏసీగా మారిపోతుంది. పైగా ఒకే ఫైలులో తెలుగు, తమిళం, హిందీ ఆడియో ట్రాకులుంటే సాధారణంగా మొదటి ట్రాకు మాత్రమే మిగులుతుంది, అది తెలుగే అవుతుందన్న హామీ లేదు. ఇవన్నీ మార్చుకోగల అమరికలే. ఫ్రేమ్‌రేటును సేమ్ యాజ్ సోర్స్ చేసి, డైమెన్షన్స్‌లో పరిమితి తీసేసి, ఆడియో ట్యాబ్‌లో కావలసిన ట్రాకులను చేర్చి వాటికి పాస్‌త్రూ ఎంచుకుంటే శబ్దం యథాతథంగా వస్తుంది. ఏసీ3, ఈ-ఏసీ3, డీటీఎస్, ట్రూహెచ్‌డీ, ఫ్లాక్ వంటి వాటన్నిటికీ పాస్‌త్రూ ఉంది. అయినా కొత్తవారు ముందుగా తాకే అమరికే ఇంత కోత పెట్టడం, అదీ హెచ్చరిక లేకుండా పెట్టడం, నాకు నచ్చదు.

మన పెళ్ళి డీవీడీలకు సంబంధించి ఇంకొక ముఖ్యమైన విషయం ఇంటర్‌లేసింగ్. భారతదేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 ఫీల్డులు ఉంటాయి. ఒక్కో ఫ్రేములో సరి వరసలు ఒక క్షణానివి, బేసి వరసలు మరో క్షణానివి. పాత ట్యూబు టీవీలో ఇది తెలిసేది కాదు గానీ, నేటి తెరల మీద ఎవరైనా కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తాయి. ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీకోంబ్ లేదా బీడబ్ల్యూడిఫ్ ఎంచుకుంటే ఆ గీతలు పోతాయి. అందులో ఒక్కో ఫీల్డునూ ఒక పూర్తి ఫ్రేముగా మార్చే బాబ్ అనే రకాన్ని ఎంచుకొని ఫ్రేమ్‌రేటును 50కి మార్చుకుంటే, బ్యాండుమేళం ముందు నృత్యం చేసేవారి కదలికలు అసలు కెమెరా చూసినంత సాఫీగా తిరిగివస్తాయి. ఈ తేడా చూసినవారు మళ్ళీ 25కు వెళ్ళాలనుకోరు. డీవీడీలోని 720×576 బొమ్మ పిక్సెళ్ళు చతురస్రాలు కావన్న సంగతిని కూడా హ్యాండ్‌బ్రేక్ గుర్తుంచుకుంటుంది. అనమార్ఫిక్ అమరికను ఆటోమేటిక్‌లో వదిలేస్తే 4:3 వీడియోలో మనుషులు సాగిపోకుండా ఉంటారు. వీసీడీలో ఉండే 352×288 బొమ్మను మాత్రం పెద్దది చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. లేని వివరాన్ని ఏ ఎన్‌కోడర్ కూడా పుట్టించలేదు. ఎంపెగ్ఏవీ ఫోల్డరులోని డీఏటీ (.DAT) ఫైలును ముందు యథాతథంగా హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి దాచుకోవడమే ముఖ్యం.

తెలుగు సబ్‌టైటిళ్ళ విషయంలో హ్యాండ్‌బ్రేక్ నన్ను సంతోషపెట్టింది. ఎస్ఆర్‌టీ ఫైలు యూనికోడ్‌లో, యూటీఎఫ్-8గా సేవ్ చేసి ఉంటే చాలు, ఎంకేవీలోనూ ఎంపీ4లోనూ విడి ట్రాకుగా చేరుతుంది. అయితే విడి ట్రాకులోని అక్షరాలను తెర మీద గీసే బాధ్యత చూసే పరికరానిది. చాలా టీవీల్లో ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగి, కొన్నిచోట్ల ఖాళీ గడులు మాత్రమే కనిపిస్తాయి. అలాంటప్పుడు బర్న్ ఇన్ ఎంచుకుంటే అక్షరాలు బొమ్మలోనే కలిసిపోతాయి. ఆ పని చేసే లిబాస్ లైబ్రరీ హార్ఫ్‌బజ్ అనే మరో లైబ్రరీ సాయంతో సంయుక్తాక్షరాలను సరిగ్గా కూర్చుతుంది. కంప్యూటర్‌లో నిర్మలా యూఐ లేదా నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటు ఉంటే "స్త్రీ", "రాష్ట్రం" వంటి మాటలు కూడా చెక్కుచెదరవు. అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని మాత్రం ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేకపోతే ఆంగ్ల అక్షరాల చెత్త కనిపిస్తుంది. బర్న్ ఇన్ ఒక ట్రాకుకే కుదురుతుందనీ, ఒకసారి కలిపాక మళ్ళీ తీయడం కుదరదనీ గుర్తుంచుకోవాలి. బ్లూ-రే డిస్కుల పీజీఎస్ సబ్‌టైటిళ్ళు అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని విడిగా ఉంచాలంటే ఎంకేవీలోనే సాధ్యం.

ఐఫోన్‌లో తీసిన హెచ్‌డీఆర్ వీడియోలు (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపేవి) 10 బిట్లలో ఉంటాయి. 2021 నాటి 1.4 వెర్షన్ రాకముందు హ్యాండ్‌బ్రేక్ లోపల అంతా 8 బిట్లలోనే నడిచేది, ఇప్పుడు ఆ లోపం లేదు. హెచ్.265 10-బిట్ ఎన్‌కోడర్‌ను ఎంచుకుంటే సాయంత్రపు ఆకాశంలో రంగుల మెట్లు కనిపించకుండా ఉంటాయి. హెచ్.264 10-బిట్‌ను మాత్రం టీవీలు, ఫోన్లు సాధారణంగా చదవలేవు కాబట్టి దాన్ని వదిలేయాలి.

ఇక చేయలేనివి. హ్యాండ్‌బ్రేక్ వీడియోను ప్రతిసారీ మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తుంది. శబ్దానికి ఉన్న పాస్‌త్రూ బొమ్మకు లేదు. ఎంకేవీలోని హెచ్.264ను ఏమీ మార్చకుండా ఎంపీ4లోకి తరలించడానికి గానీ, వీడియో మొదట్లో ఉన్న అనవసరమైన భాగాన్ని నాణ్యత పోకుండా కోయడానికి గానీ ఇది సరైన పనిముట్టు కాదు. ఆ పనులకు ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఎంకేవీటూల్‌నిక్స్, లాస్‌లెస్‌కట్ ఉన్నాయి, అవీ ఉచితమే. రెండు ఫైళ్ళను కలపడం కూడా దీనివల్ల కాదు. నష్టపోయే కోడెక్‌లోకి ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది కాబట్టి, ఒకసారి మార్చిన ఫైలునే మళ్ళీ మార్చకుండా, ఎప్పుడు అవసరమైనా అసలు డిస్కు నకలు నుంచే మొదలుపెట్టాలి. యూట్యూబ్‌లో పెట్టే వీడియోను ముందుగా ఇందులో గట్టిగా కుదించడం కూడా ఇదే కారణంగా దండగ. యూట్యూబ్ దాన్ని ఎలాగూ మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తుంది.

దించుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 2017 మే నెల మొదట్లో హ్యాండ్‌బ్రేక్ డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాన్ని దుండగులు ఆక్రమించి, కొన్ని రోజులపాటు మ్యాక్ వెర్షన్ స్థానంలో ప్రోటాన్ అనే మాల్‌వేర్ కలిపిన ఫైలును ఉంచారు. డెవలపర్లు ఆ విషయాన్ని దాచకుండా ప్రకటించి, దించుకున్నవారు ఏం చేయాలో వివరంగా చెప్పారు. అసలు సైటు చిరునామా హ్యాండ్‌బ్రేక్ అనే పేరు తర్వాత డాట్ ఎఫ్ఆర్‌తో ముగుస్తుంది, డాట్ కామ్‌తో కాదు. వెతికినప్పుడు అదే పేరుతో ఎదురయ్యే ఇతర సైట్ల నుంచి దించుకోకుండా, అధికారిక సైటులో ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైలు మారలేదని నిర్ధారించే అంకెల, అక్షరాల వరస) ఫైలును సరిచూసుకోవాలి. లినక్స్ వాడేవారు ఫ్లాట్‌హబ్ నుంచి తీసుకోవచ్చు. విండోస్‌లో దీనితోపాటు డాట్‌నెట్ డెస్క్‌టాప్ రన్‌టైమ్ కూడా అవసరం. అది లేకపోతే ప్రోగ్రామ్ తెరుచుకోదు, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దాన్ని ఉచితంగా వేసుకోవచ్చు.